గుమ్మపాల భక్తుడు

బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉండే పద్మనాభంగారు లిఫ్టు బటన్‌ను మోచేత్తోనే నొక్కుతారు. కొత్తిమీరను సైతం ఉప్పునీళ్లలో నానబెట్టిస్తారు. జెర్సీ ఆవు పాలు విషమంటారు. ఆదివారమైతే చాలు, యలహంకలోని అశ్వత్థప్ప కొట్టానికి వెళ్లి, దేశవాళీ ఆవు గుమ్మపాలు కాచకుండా నురగతోనే తాగేస్తారు. మొన్న అశ్వత్థప్ప, "దూడకి బేదులు అవుతా ఉండాయి సార్, ముట్టద్దండి" అన్నాడు. "దేశవాళీ దూడకి రోగమేంటప్పా!" అంటూ ఆయన దాన్ని వాటేసుకుని, ఆ చేత్తోనే పాలగ్లాసు అందుకున్నారు. వారం తిరక్కుండా మంచం పట్టారు. పరీక్షల రిపోర్టు చూసిన డాక్టరమ్మ, "దూడల పేడలో ఉండే పరాన్నజీవి మీ పేగుల్లో చేరింది" అంది. పద్మనాభంగారు దిండు మీంచి కష్టంగా తల ఎత్తారు. "దేశవాళీ పరాన్నజీవే కదా డాక్టర్? జెర్సీది కాదుగా?"