కమల మేడం వెతికిచ్చిన రెండు రోజులు

ఈ ఉదయం కిటికీ పక్కన పెట్టిన పుస్తకం వానకు తడిసింది. ఎండలో ఆరేస్తుంటే, వేడెక్కుతున్న తడి కాగితం నుంచి జిగురూ మట్టీ కలిసినట్టు ఒక వాసన వచ్చింది. కాసేపు ఎక్కడున్నానో మరిచిపోయాను. భూపాలపల్లిలోని ఆ చల్లటి గది, తలుపు తోసుకుని లోపలికి వస్తున్న కమల మేడం కళ్ల ముందు నిలిచారు.

ఎనభైల చివర్లో, ఊళ్లలో బావి నీటి మట్టాలు నమోదు చేసే ఒక చిన్న సర్వే కార్యాలయంలో టైపు చేసే ఉద్యోగానికి చేరాను. మాది రఘునాథపల్లి. కార్యాలయం అప్పట్లో జనగామలో ఉండేది. అక్కడి కంప్యూటర్లన్నీ చూసుకునేది కమల మేడం. మహబూబాబాద్ మనిషి. ఆ ఊరిని పాత పేరుతో మానుకోట అనే అనేవారు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీ మూతబడితే ఏడాదంతా ఇంట్లో పాడైన రేడియోలు విప్పుకుంటూ కూర్చున్నానని నవ్వుతూ చెప్పేవారు. మా ఫైళ్లన్నీ సర్వర్ అనే పెద్ద యంత్రంలో ఉండేవి. బల్లల మీది చిన్న కంప్యూటర్లలో ఎవరి పేరు కొడితే వారి ఫైళ్ల గూడు, హోమ్ డైరెక్టరీ, తీగ వెంట దానంతటదే వచ్చి తగులుకునేది. "నువ్వు ఏ కుర్చీల కూసున్నా నీ ఇల్లు నీ వెంట వస్తది" అని మొదటి రోజే చెప్పారు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. హాస్టల్ గదిలో పడుకుని అదే తలుచుకునేదాన్ని.

తర్వాత కార్యాలయాన్ని భూపాలపల్లికి మార్చారు. కొత్త సర్వర్ వచ్చింది, ఫైళ్లన్నీ అందులోకి చేరాయి. మేడం బల్లల మీది కంప్యూటర్లను దానికి తగ్గట్టు సరిచేసి, రెండు రోజులు సెలవు మీద ఊరికి వెళ్లారు. మర్నాడు నా కంప్యూటర్లో పేరు కొడితే, హోమ్ డైరెక్టరీ లేదంది.

అదే పొద్దున లచ్చిరాం అన్న వచ్చాడు. గూడూరు దగ్గరి తండా అతనిది. ఊరూరూ తిరిగి బావుల్లోకి టేపు వదిలి కొలతలు రాసుకొచ్చేవాడు. ఆ ఎండాకాలం ఏయే తండాల్లో బోర్లు వేయాలో ఆ కొలతలను బట్టే తేలాలి. దారిలో అకాల వానకు అతని నోటుబుక్కు ముద్దయింది. ఆగడానికి వ్యవధి లేదు, వేరే కంప్యూటరేదీ ఖాళీగానూ లేదు. లేని డైరెక్టరీని అదే పేరుతో నేనే ఆ చిన్న కంప్యూటర్లో తయారు చేసుకున్నాను. ఇద్దరం ఒక్కో పేజీ ఊడదీశాం. అతను చదివేవాడు, నేను కొట్టేదాన్ని. చదివిన పేజీ చేతుల్లోనే చిరిగిపోయేది, ఆ తునకలను ఒక పళ్లెంలో వేసేవాళ్లం. రెండు రోజులు గదంతా ఆ తడి వాసనే.

మూడోనాడు మేడం వచ్చారు. ఏ ఇల్లు ఏ సర్వర్లో ఉందో చెప్పే జాబితాలో, నా కంప్యూటర్లో మాత్రం పాత సర్వర్ పేరే ఉందని చూసి మార్చారు. నా పాత ఫైళ్లన్నీ తెర మీదికి వచ్చాయి. రెండు రోజుల కొలతలు మాత్రం లేవు.

"నేనేం చెయ్యలే మేడం," అన్నాను.

ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. "తప్పు చెప్పుమంటలేను బిడ్డా. వరుస చెప్పు. పేరు కొట్టినవ్. అప్పుడు ఏమన్నది?"

లచ్చిరాం అన్న పళ్లెంలోని కాగితపు తునకలను చూస్తూ నిలబడ్డాడు. నేనిక దాచలేకపోయాను. "ఇల్లు లేదన్నది. అదే పేరుతోని నేనే ఒకటి చేసిన. గీ కంప్యూటర్లనే."

"గట్లనా! అయితే యాడికి పోలే. అసలు ఇల్లు వచ్చి దాని మీద కూసున్నది. జర పక్కకు జరుపుదాం."

ఇళ్లను తెచ్చి తగిలించే ఆ ఏర్పాటును ఆపారు. నా పాత ఫైళ్లు మాయమయ్యాయి. వాటి కింది నుంచి, నీళ్లు తేరుకున్నాక అడుగు కనబడ్డట్టు, నేను కొట్టిన తండాల పేర్లు ఒక్కొక్కటే కనబడ్డాయి.

"మా తండ ఉన్నదా అక్కా?" అన్నాడు లచ్చిరాం.

"ఉన్నదన్నా."

అతను గోడకు ఆనుకుని నేల మీదే కూర్చుండిపోయాడు.

కొలతలను వేరే చోట భద్రం చేసి, అసలు ఇల్లు తిరిగి తెప్పించి, అందులో పెట్టారు మేడం. తర్వాత రిజిస్టరు నా ముందుకు జరిపారు. "జరిగింది రాయి. నీ పేరుతోనే రాయి." రాశాను. దాని కింద ఆమె ఇలా రాసి సంతకం పెట్టారు: 'ఈ కంప్యూటర్లో జాబితా మార్చకుండా సెలవు మీద పోయిన తప్పు నాది.'

కొలతలు వేళకు చేరాయి. వానలు మొదలయ్యేలోపే లచ్చిరాం తండాలో బోరు పడింది. మరుసటి ఏడు మేడం బదిలీ మీద వెళ్లిపోయారు. మళ్లీ కలవలేదు.

తర్వాత చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను. తప్పులు జరిగాయి. జరిగిన ప్రతిసారీ ఆ రోజే వెళ్లి పైవాళ్లకు చెప్పాను. భయం పోయిందని కాదు. భయపడుతూనే వెళ్లేదాన్ని, చెప్పేసి వచ్చేదాన్ని.