యాదక్క బండ్ల హోటలు

సిరొంచ బస్టాండు కాడి యాదక్క హోటలు పేరుకే హోటలు. నాలుగు గుంజలు, మీద తడిక, కింద పొయ్యి, అంతే. బెంచి లేదు, బల్ల లేదు. కూసోనీకి జాగ ఏదక్కా అని ఎవడన్న అడిగితే, "కూసునేటోనివి ఇంట్లనే కూసోకపోయినవా?" అని మొకం మీదనే అంటది. ఆమె గిరాకంతా బండ్లోళ్లే. రేవుకు వడ్లు, మిరపకాయ తోలుకపోయేటోళ్లు, తునికాకు లారీలోళ్లు, జీపులోళ్లు. బండి కనపడంగనే యాదక్క చెయ్యి పైకి లేస్తది. ఒక చేతుల చాయ్, ఇంకో చేతుల బజ్జీల పొట్లం. ఎడ్లు నడుస్తనే ఉంటయ్, బండాయన తాగుతనే ఉంటడు. గిలాస మాత్రం తిరిగొచ్చేటప్పుడు ఇచ్చిపోవాలె. ఇయ్యనోని ఇంటిపేరు ఎత్తి రేవు దాంక ఇనపడేటట్టు తిడతది. మొగడు సచ్చిపోయినంక ఆమెను సాకింది ఆ పొయ్యే.

అసుంటి యాదక్కకు ఆ ఎండకాలం గుబులు పట్టింది. రోడ్డు పక్క గుడిసెలన్నీ పీకేసి, పంచాయితోళ్లు వరుసగ సిమెంటు గాళ్లు కడతరట. గాళ అంటే దుకాణం గది. యాదక్కకు రోడ్డు మూల మీది గాళ ఇస్తమన్నరు. తక్కినోళ్లు సంబురపడ్డరు గని యాదక్కకు అన్నం సయించలే. దుకాణాలన్నీ లోపలి వాకిలి దిక్కు తిరిగుంటయట. ఆ వాకిట్లకు ఎడ్లబండి రావద్దట, పెండ పెడతయట.

"పెండ పెట్టక ఎడ్లు పెండ్లి కార్డులు పంచుతయా?" అన్నది యాదక్క. ఎవరు నవ్వినా ఆమె నవ్వలే. బండి దిగి నడిచొచ్చి తాగేటోడు ఆమె గిరాకి కాదు. బండ్లు రాకపోతే పొయ్యి ఆరిపోవుడే.

గాళ్లు ఎట్ల కట్టాల్నో గీసిన నక్ష చూసి ఒప్పుకునే మీటింగుకు ఎవరు పిలువకున్నా పోయింది. సర్పంచు కిషన్‌రావు బల్ల మీద నక్ష పరిచి, ఎగిరిపోకుండ నాలుగు మూలలకు నాలుగు గిలాసలు పెట్టిండు. అవి యాదక్క గిలాసలే. తర్వాత అడుగుత తియ్ అనుకున్నది. గడ్చిరోలి నుంచి వచ్చిన ఓవర్‌సియరు మరాఠాయన. మంచోడే, గని తనకు తెలుగొచ్చని ఒకటే గర్వం. బస్ అంటే బస్సు, జీప్ అంటే జీపు, మాటకు తోక తగిలిస్తె తెలుగైతదని కనిపెట్టిండు. ఏ మాటకు ఏ తోకనో అదే తెల్వది.

మూల గాళ బొమ్మల రోడ్డు దిక్కు ఒక గుర్తు, వాకిలి దిక్కు ఒక గుర్తు ఉన్నయ్. యాదక్క కొంగు సదురుకొని ముందుకొచ్చింది.

"సాబ్, గీడ ఏం రాసిండ్లు?"

"దార్," అన్నడాయన.

మరాఠీల దార్ అంటే తలుపని యాదక్కకు తెల్వదా? బస్సు కండక్టరు దినాం "దార్ లావా, దార్ లావా" అనుకుంట తలుపెయ్యుమని ఒర్లుడు ఇని ఇని చెవులు తూట్లు పడ్డయ్. అయినా ఏమెరుగని మొకం పెట్టింది.

"జర తెలుగుల చెప్పుండ్రి సాబ్. మీ నోట్ల తెలుగు మస్తు ముద్దుగుంటది."

ఓవర్‌సియరు ఉబ్బిపోయిండు. గొంతు సవరించుకొని, అందరికి ఇనపడేటట్టు, "దారి!" అన్నడు.

"ఇటు దిక్కు?"

"ఇదీ దారి! రెండూ దారి!"

"ఇన్నరా కిషన్‌రావు పటేలా? ఇటుకెల్లి వచ్చి అటుకెల్లి పోయే దారి. సాబే అన్నడు. మరి దారంటే బండి పోకుండ ఏం పోతది?"

కిషన్‌రావుకు అనుమానం రాకపోలేదు. గని అంత పెద్ద సాబు నోటితో అన్నంక ఎట్ల కాదంటడు? మూల గాళల బండి పోయేటంత దారి ఇడువాలె అని పంచాయితి ఠరావు రాసి దస్కతు పెట్టిండు. ఏం రాసిండ్లో సమజ్ గాకున్నా ఓవర్‌సియరు చేతులు కలిపి నవ్వుకుంట పోయిండు.

వానలు పడ్డయ్, తొవ్వలు తెగినయ్, ఓవర్‌సియరు మల్ల ఇటు దిక్కు రాలే. మేస్త్రీ నర్సన్న సర్పంచు చెప్పినట్టే కట్టిండు. గాళ నడుమ ఇటు నుంచి అటు బండి పోయే దారి, పక్కకు మిగిలిన జాగల యాదక్కకు పొయ్యి పెట్టుకునే అర్ర. "కిటికీ బండి ఎత్తుకు పెట్టురా, చెయ్యి లేపి లేపి రెక్క పడిపోయింది," అన్నది యాదక్క. అట్లనే పెట్టిండు.

పని అయినంక యాదక్క సంబురంగ వచ్చి అర్ర చుట్టు ఒక మాటు తిరిగింది. మల్ల తిరిగింది.

"నర్సన్నా, తలుపేదిరా?"

"తలుపెక్కడిదక్కా? నక్షల ఉన్నయే రెండు. రెండూ దారేనంటివి గదా."

యాదక్క లెక్కేసుకున్నది. తలుపు కావాల్నంటే మల్ల నక్ష, మల్ల మీటింగు, మల్ల ఓవర్‌సియరు. తలుపు వస్తది గని దారి పోతది. "ఉండనీయ్‌రా. తలుపుంటే కుక్కలు జొరబడతయ్," అన్నది.

చలికాలంల ఓవర్‌సియరు జీపు రానే వచ్చింది. దారిల ముందొక బండి, వెనుకొక బండి, నడుమ జీపు. కిటికీల యాదక్క నిండు కుండ లెక్క కూసోనుంది. ఆయన తలుపు కోసం గోడలన్నీ చూసి చూసి పరేషానైండు.

"అక్కా, దార్ కుఠే? నువ్వు లోపలికి ఎట్ల పోతవ్?"

"మీరే అంటిరి గద సాబ్, రెండూ దారేనని. ఇగో, చాయ్ తాగుండ్రి. అయ్యో, దిగకుండ్రి, గిది దిగే హోటలు గాదు! ముందటికి పోనీయిండ్రి, వెనుక ఎడ్లు ఆగినయ్."

ఆయన గిలాస పట్టుకొనే పోయిండు. పొద్దుమీకింది, బండ్లు ఒడిసినయ్. యాదక్క పొయ్యి ఆర్పి, కిటికీల కాళ్లు బయటికి ఏలాడేసుకొని రోడ్డు దిక్కు చూసుకుంట కూసున్నది. శానా సేపటికి రేవు నుంచి భీము బండి గలగలమనుకుంట వచ్చింది.

"చాయ్ ఉందా అక్కా?"

"చాయ్ లేదు, ఏం లేదు. ముందుగాల బండి జర గోడకు ఆనిచ్చి ఆపురా భీమా," అన్నది యాదక్క. "నేను దిగాలె."