మోతీ మంచి చెవి

నా చిన్నప్పుడు సంతోష్‌నగర్‌లోని మా ఇంట్లో ఆదివారమంటే తలంటు. మా నాయనమ్మ నువ్వుల నూనెను గోరువెచ్చగా కాచి, పిల్లలను ఒకరి తరవాత ఒకరిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, మాడుకు మర్దన చేశాక చెవుల్లో నాలుగు చుక్కలు వేసేది. మనవలకు చేసినదేదీ మా కుక్క మోతీకి చేయకుండా ఉండడం ఆమె వల్ల కాదు. చెంపల మీదకు వాలిన పొడవాటి చెవులు మోతీవి. ఒక ఆదివారం దాని కుడి చెవిలోనూ నూనె పడింది. ఎడమ చెవి వంతు వచ్చేలోగా అది జారుకుని మంచం కిందికి దూరింది. మేమంతా నవ్వుకున్నాం.

వారం గడవకముందే మోతీ తల విదిలించడం మొదలుపెట్టింది. చెవులు చెంపలకు తగిలే టపటప చప్పుడు ఇల్లంతా వినిపించేది. తల ఒక పక్కకు వంచి నడిచేది, కుడి వైపు గోడకేసి రుద్దుకునేది. ఒక సాయంత్రం మా తమ్ముడు తల నిమరబోతే పళ్ళు చూపి గుర్రుమంది. అంతకు ముందు ఎవరి మీదా అలా చేయని కుక్క. మా బాపు ఆఫీసు నుంచి వచ్చి సంగతి విని, "దానికి పిచ్చి లేసింది. రేపు పొద్దుగాల కార్పొరేషనోళ్ళ బండి పిలుస్త," అన్నాడు. ఆ బండి ఎక్కిన కుక్క తిరిగి రావడం మా గల్లీలో ఎవరూ చూడలేదు. నాయనమ్మేమో అది దిష్టి అని, వెల్లుల్లి కాచిన నూనె ఇంకొంచెం వేస్తే తగ్గుతుందని పట్టుబట్టింది. ఇద్దరి నమ్మకాలకూ ఆధారం ఒక్కటే: కుక్క తీరు మారింది.

మా మేనత్త అప్పట్లో కంచన్‌బాగ్‌లోని ఒక ప్రయోగశాలలో లోహపు ముక్కలను పరీక్షించే ఉద్యోగం చేసేది. ఇంకా పెళ్ళి కాలేదు, మాతోనే ఉండేది. మర్నాడు బాపు చెప్పులు వేసుకుంటుండగా అడ్డం వచ్చింది.

"అన్నా, ఒక్క పూట ఆగు. బండి ఏడికి పోతది?"

"పోరన్ని కరిచేదాంక ఆగాల్నా?"

"కరవలే గదా, గుర్రుమన్నది. చాయ్ లేటయితే నువ్వు గుర్రుమనవా?"

నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు చెప్పులు విడిచి కుర్చీలో కూర్చున్నాడు. ఒప్పుకున్నానని ఆయన నోటితో అనేవాడు కాదు.

అత్త మమ్మల్ని దూరంగా నిలబెట్టి, మోతీ మూతికి పాత చున్నీ మెత్తగా చుట్టి కట్టింది. వీపు నిమిరింది, కాళ్ళు పట్టుకుంది, ఎడమ చెవి ఎత్తి చూసింది. అది కదల్లేదు. కుడి చెవి అంచు ముట్టగానే మూలిగింది. ఆపై చెవుల బయటి మడతలను వేరువేరు దూది ఉండలతో తుడిచి, వాటిని వెనక దాచుకుని నాయనమ్మ దగ్గరకు వచ్చింది.

"అమ్మా, కండ్లు మూసుకో. వాసన చూసి చెప్పు. ఏది ఏ చెవిదో నేను చెప్ప."

నాయనమ్మ ముక్కుకు మా ఇంట్లో పేరుండేది. పప్పు అడుగంటబోతోందని వీధి గడప దగ్గరే చెప్పగలదు. మొదటి దూదికి ఆమె ముఖంలో మార్పేమీ లేదు. "కుక్క వాసన. గంతే." రెండోదానికి తల వెనక్కి లాక్కుంది. "ఏందే ఇది, పులిసిన పిండి లెక్క కంపు?" కళ్ళు తెరిచి చూస్తే ఆ దూది మీద ముదురు గోధుమ రంగు జిగట. మొదటిది దాదాపు తెల్లగానే ఉంది.

అది కుడి చెవిదని అత్త చెప్పింది. నూనె గిన్నె నాయనమ్మ పక్కనే ఉన్నా, అత్త దాని వంక చూడనైనా చూడలేదు. కాసేపటికి నాయనమ్మే దాన్ని చేత్తో దూరంగా జరిపి, "బండి గిండి వద్దుర. డాక్టరుకు చూపియ్," అంది బాపుతో.

మలక్‌పేటలో గుర్రాలకు వైద్యం చేసే డాక్టరొకాయన సాయంత్రాలు కుక్కలనూ చూసేవాడు. చెవిలో లైటు వేసి చూసి, పిచ్చి కాదు, ఇన్‌ఫెక్షన్ అని తేల్చాడు. శుభ్రం చేసి మందిచ్చాడు. వాలిన చెవుల కింద గాలి ఆడదు, తడి నిలిచిపోతుంది. కాబట్టి స్నానమయ్యాక బయటి భాగాన్ని పొడి గుడ్డతో ఒత్తాలి, లోపలికి పుల్లలు పెట్టకూడదు, నూనెలు పోయకూడదు, కంపు, ఎరుపు, గోకుడు కనిపిస్తే ఇంటి వైద్యం చేయక తీసుకురావాలి అన్నాడు. మోతీ కోలుకుని చాలాకాలం మాతో ఉంది.

తరవాత నేను విజ్ఞానశాస్త్రం చదివి, ఇతరుల నిర్ధారణలను తరచి చూడడమే వృత్తిగా బతికాను. కనుక ఒక సంగతి స్పష్టం చేయాలి. ఒక్క కుక్క ఒక్క చెవితో ఆ జబ్బుకు నూనే కారణమని నేను రాసివ్వలేను. స్నానపు నీరు కారణం కావచ్చు. దురద ముందే మొదలై ఉండవచ్చు. కుక్కకు పిచ్చి లేదని దూది వాసనతో తేలదు కూడా. అత్తకు ఇదంతా తెలుసు. ఆమెకు కావలసింది మోతీని డాక్టరు దాకా చేర్చేంత గడువు, అదీ తల్లిని తప్పుపట్టకుండా.

మా చెవుల్లో చుక్కలు నాయనమ్మ మానలేదు. మా మీద ఎవరూ దూది పరీక్ష చేయలేదు మరి. కానీ ప్రతి ఆదివారం చేతులు సబ్బుతో కడుక్కుని, పాత నూలు చీర ముక్కతో మోతీ చెవులు ఒత్తి, వాసన చూసేది. ఎప్పుడూ ఎడమ చెవితోనే మొదలు. ఎందుకని అడిగితే, "మంచిది ఎట్లుంటదో ముక్కుకు యాదికుండాలె గదనే," అనేది.

ఇప్పుడు మా ఇంట్లో మనవరాలి కుక్క ఉంది. దాని చెవులూ వాలినవే. మొన్న మనవరాలు పరుగున వచ్చి కుక్క కుడి చెవి వాసనేస్తోందని చెప్పింది. నేను కళ్ళు మూసుకుని, ముందు ఎడమ చెవి ఎత్తమన్నాను.