సుగుణ టీచరుగారి చీజు పళ్ళెం

ఏలూరులో మా ఇంటి దగ్గర కొత్తగా పెట్టిన సూపర్‌ మార్కెట్‌లో చీజు ఉండే ఫ్రిజ్‌ తలుపు తీస్తే చల్లగాలితోపాటు ఒక వాసన ముఖానికి తగులుతుంది. పులిసిన పాలదో, ఉప్పుదో, అట్టపెట్టెలదో ఇప్పటికీ తేల్చుకోలేను. అలాగే నిలబడిపోతే వెనకవాళ్ళు "ఏవండీ, కాస్త జరుగుతారా" అంటారు. జరుగుతాను. ఏది కొనాలో తెలియక ఏదీ కొనకుండానే ఇంటికొస్తాను. నన్నీ అయోమయంలో పడేసిన మనిషి మా పక్కింటి సుగుణ టీచరుగారు.

ఆవిడ మిషన్‌ స్కూల్లో హోమ్‌ సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఒంటరి మనిషి. కరోనా వచ్చి తగ్గింది గాని, దాంతో పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు. చాలామందికి కొద్ది వారాల్లో బాగైంది, ఆవిడకు ఏడాది దాటినా ముక్కు మొద్దుగానే ఉండిపోయింది. జీవితమంతా ఆడపిల్లలకు వంట నేర్పిన మనిషి, ఒకరోజు పక్క గదిలో పులుసు మాడిపోతుంటే తెలియక పేపరు చదువుకుంటున్నారు. కిటికీలోంచి పొగ చూసి మా అమ్మ పరిగెత్తింది. ఆ సంగతి తెలిసి, బెంగళూరు హోటల్లో వంట చేసే మేనల్లుడు పట్టుబట్టాడు. ముక్కు రాకపోతే వంటిల్లు మూసేసి తన దగ్గరికి వచ్చేయాలన్నాడు. గ్యాసు లీకైనా తెలియని మనిషిని ఒంటరిగా ఎలా వదలడం? అతని మాటా న్యాయమే. కానీ వంటిల్లు లేని సుగుణ టీచరుగారిని నేను ఊహించలేకపోయాను.

డాక్టరు రోజూ లవంగం, నిమ్మతొక్క వాసన చూడమన్నారు. ఆవిడ చూసి చూసి విసిగిపోయారు.

"లవంగం వాసన చిన్నప్పట్నుంచీ ఎరుగుదును కదమ్మా. ఇప్పుడు ముక్కు చెబుతోందో, జ్ఞాపకం చెబుతోందో తెలియడం లేదు. నేనెప్పుడూ ఎరగని వాసన కావాలి" అన్నారు నాతో.

అలా మొదలైంది చీజు. మేనల్లుడు రకానికో ముక్క చొప్పున, చేపలు పంపినట్టు ఐసు వేసిన థర్మోకోల్‌ డబ్బాలో పెట్టి బస్సులో పంపేవాడు. నాకప్పుడు ఆకివీడులో చేపల మేత అమ్మే ఆఫీసులో ఉద్యోగం. ఆదివారం సెలవు. ఆవిడ చర్చి నుంచి రాగానే పళ్ళెంలో ముక్కలు కోసి నన్ను పిలిచేవారు. ముందు ఆవిడ తిని తనకేం తెలిసిందో చెప్పాలి, తర్వాత నేను. రెండూ కలిస్తే ముక్కు వచ్చినట్టు. మొదటిసారి నేను "బావుందండీ" అన్నాను.

"అది రుచి కాదమ్మా, మర్యాద. నాకు మర్యాద వద్దు" అన్నారు.

ఇక నా పాట్లు ఎవరికి చెప్పుకోను? ఎర్ర మైనం పూసిన గౌడా అనే రకం వస్తే మైనంతో సహా కొరికేశాను. తెల్లటి తోలున్న మెత్తటి రకం మీగడలో పుట్టగొడుగులు వేసినట్టుంది. రాయిలా ఉన్న పార్మెసాన్‌ ఆకివీడులో ఎండుచేపల బస్తా విప్పినట్టుంది. "చివర్లో ఏమొచ్చింది?" అని గుచ్చి అడిగారు. ఇంకో ముక్క తిని, "పైనాపిల్‌ అండీ" అన్నాను. నాకే మతిపోయింది. ఎండుచేప, పైనాపిలూ ఒక్క ముక్కలో ఎలా ఉంటాయి?

"అన్నీ పాలేనమ్మా. కొన్నిటిని వారాల్లో తినేస్తారు, కొన్నిటిని ఏళ్ళ తరబడి అరల మీద మాగబెడతారు. కొన్నిటికి కావాలనే బూజు పట్టిస్తారు" అనేవారు. ఆవిడ వంతు వస్తే మాత్రం ప్రతిసారీ ఒకటే మాట, "ఉప్పగా ఉంది, మెత్తగా ఉంది, అంతే." ఆవిడ చిన్నబోతారని, బాగా ఘాటున్న ముక్కను కూడా "పెద్ద వాసనేం లేదండీ" అనడం మొదలుపెట్టాను. ఆవిడ కనిపెట్టేశారు.

"నా మొహం చూసి మాట మారుస్తున్నావు. ఈసారి నీ ముక్క మీ ఇంటికి పంపిస్తా, అక్కడే తిని చెప్పు" అన్నారు.

చెప్పినట్టే ఆ శనివారం గిన్నెలో పెట్టి పంపారు. నేను ఆఫీసులో ఉన్నాను. మూత తీసిన అమ్మకు నీలంగా, పచ్చగా బూజు కనిపించింది. పాపం, ముక్కు లేక పాడైన పనీరు పంపారనుకుంది. ఆ మాట చెబితే ఆవిడ బాధపడతారని, బూజంతా గీకేసి, మిగిలింది పసుపునీళ్ళలో కడిగి ఫ్రిజ్‌లో పెట్టింది. ఆదివారం దాన్ని వంకాయ కూరలో వేసింది. గిన్నె ఖాళీగా తిరిగివ్వడం మా ఇళ్ళలో లేదు గనక, ఆ వేడి కూరే నింపి టీచరుగారికి పంపించింది. కూరలో ఏముందో మాత్రం చెప్పలేదు.

కాసేపటికి ఆవిడ మా గుమ్మంలో ఉన్నారు. అన్నం మధ్యలో లేచొచ్చేశారు, చెయ్యి ఎంగిలిగానే ఉంది.

"లక్ష్మిగారూ, ఏమీ అనుకోకండి. మీ వంకాయ కూర తడిసిన గోనెసంచి వాసన వేస్తోందండీ."

అమ్మ మొహం పాలిపోయింది. ఆవిడ నోట అలాంటి మాట మేమెవరం ఎప్పుడూ వినలేదు. "అయ్యో, పారబోసేయండి, ఇంకోటి చేసిస్తాను" అంది అమ్మ.

"పారబోయడమేంటండీ? ఇంకా ఉంటే పెట్టండి" అని, నావైపు తిరిగి, "నువ్వు తిని నిజం చెప్పమ్మా" అన్నారు.

బాండీలోంచి కొంచెం తీసి నోట్లో వేసుకున్నాను. ఆవిడ నా మొహంలోకే చూస్తున్నారు. "గోనెసంచేనండీ. వానలో తడిసింది" అన్నాను.

ఆవిడ గుమ్మం మీదే కూలబడి, ఎంగిలి చెయ్యి పక్కకు పెట్టుకుని ఏడ్చేశారు. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు. కూర బాలేదని ఇద్దరం ఎందుకేడుస్తున్నామో తెలియక అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తర్వాత ఒక్కొక్క వాసనే తిరిగొచ్చింది. మల్లెపూలది చివరిదాకా రానేలేదు. కిందటేడు పోయేవరకూ ఆవిడ తన వంటింట్లోనే వండుకున్నారు. నాకు చీజు రకాలు ఇప్పటికీ కలగాపులగమే. ఆఫీసులో ఎవరైనా టిఫిన్‌ డబ్బా ముందుకు జరిపి ఎలా ఉందని అడిగితే, నోట్లో ఉన్నదేమిటో తేల్చుకునేదాకా నాకు మాట రాదు. ఈలోగా వాళ్ళు చిన్నబుచ్చుకుని డబ్బా వెనక్కి లాక్కుంటారు. ఆగమంటాను, ఇంకో ముద్ద పెట్టమంటాను.