దొర చీర కట్టిన గోడ, నేను చీర కట్టిన ఫోటో

ఈ ప్రయాణానికి కారణం చరిత్రాభిమానమని రాస్తే గౌరవంగా ఉండేది. నిజానికి కారణం ఒక సోమవారం. తుంగభద్ర దారిలో దొరలు కట్టుకున్న కోటలాంటి ఒక పాత గడిలో, మూడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే గోడచిత్రం ఉందనీ, అందులో దొర చీర కట్టుకుని, దొరసాని తలపాగా చుట్టుకుని కూర్చున్నారనీ, సోమవారం దాని మీద సున్నం వేస్తున్నారనీ ఒక ఉపాధ్యాయ మిత్రుడు ఫోన్ చేశారు. వారసుల ఇంటికి పెళ్లిచూపులవారు రానున్నారట. పూర్వీకుణ్ణి చీరలో చూస్తే సంబంధం తప్పిపోతుందని వారి భయం. ఆ చిత్రానికి ఇప్పటిదాకా ఒక్క ఫోటో కూడా లేదు. వారసులు ఫోన్‌లో అనుమతి ఇచ్చి, ఊరి పేరు మాత్రం రాయవద్దన్నారు. రాయడం లేదు.

శనివారం ఉదయం ఆరుంబావుకు మహబూబ్‌నగర్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఎనిమిదిన్నరకు ఎర్రవల్లి చౌరస్తాలో దించింది. టికెట్టు రెండు వందల లోపే. అక్కడ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు నలభై రూపాయలు. రానుపోను ఏడు వందలకు ఆటో కుదుర్చుకున్నాను. నడిపేవాడు తిమ్మప్ప, నలభై ఏళ్ల మనిషి, బండి ఊరు దాటాక నోరు విప్పాడు.

"ఫోటోలకా సార్? పోయిన నెల ఒకాయన గట్లనే వచ్చిండు. మూతి గుమ్మడికాయంత అయింది. మూడు దినాలు దవాఖానల ఉండె."

"ఎందుకు?"

"పెర సార్. గోడ మీద దొర, దొర మీద పెర."

పెర అంటే కొండ తేనెటీగల తుట్టె. ఈ సమాచారాన్ని కిరాయి మాట్లాడక ముందే వెల్లడించి ఉంటే సముచితంగా ఉండేదని నా అభిప్రాయం.

గడికి కాపలా బుచ్చమ్మ అనే డెబ్బై ఏళ్ల అవ్వ. చిత్రం ఉన్నది ఆడవాళ్ల లోగిట్లో. నా ప్యాంటును, చొక్కాను, ముఖ్యంగా అత్తరు వాసనను ఆమె పరిశీలించి తీర్పు ఇచ్చింది.

"గిట్ల పోతే బత్కనియ్యవు. నా చీర కట్టుకో. రోజూ దీపం పెట్టనీకి పోతుంట, గీ వాసన వాటికి ఎరుకే."

"శాలువలా కప్పుకుంటే సరిపోదా?"

"దొరకే సరిపోలే, నీకేడ సరిపోతది?"

నాకు యాభై రెండేళ్లు. కార్యాలయంలో పదకొండు మంది నన్ను చూసి లేచి నిలబడతారు. తేనెటీగలకు ఈ విషయం తెలియదు కనుక, చేతులు పైకెత్తి నిలబడ్డాను.

"మా ముత్తవ్వలు దొరలకు కుచ్చిళ్లు పెట్టిండ్రు," బొడ్డు దగ్గర దోపుతూ అంది బుచ్చమ్మ. "ఆఖరుకు నీకు పెడుతున్న. దిగజారినం నాయినా."

ఏటా హోళీకి, కామునిపున్నమి నాడు, దొర చీర కట్టి ఆడవాళ్ల నడుమ కూర్చునేవాడట. దొరసాని తలపాగా చుట్టి కచేరీలో ఫిర్యాదులు వినేదట. ఆనాటి తీర్పును దొర తిప్పడానికి వీల్లేదు.

"ఊర్లె న్యాయమయ్యేది గా ఒక్క దినమే. గందుకే దొరకు బుగులు, భయం."

లోపల మసక వెలుతురు. అడుగు పెట్టగానే దంతాల్లోకి పాకే ఒక రొద. దూలానికి చాటంత నల్లటి తుట్టె వేలాడుతోంది. దాని కిందే గోడమీద, పచ్చ తలపాగాతో నిటారుగా దొరసాని, పక్కన ఎర్రంచు చీరలో మీసాల దొర. ఆయన చూపు ఆమె మీద లేదు. భయంతో ద్వారం వైపు ఉంది. నేను పద్నాలుగు ఫోటోలు తీశాను. పద్నాలుగింటిలోనూ నా చేతుల వణుకు తప్ప మరేమీ నమోదు కాలేదు. అంతలో తుట్టె మీద ఒక అల కదిలింది. నేను గోడకు, అంటే దొరకు, అతుక్కుపోయాను.

"నెత్తి మీద కొంగేసుకో, ఒర్రకు, సప్పుడు జెయ్యకు," బుచ్చమ్మ గుసగుసలాడింది.

గుమ్మంలో నిలబడిన తిమ్మప్ప తన ఫోన్‌తో ఒకే ఒక్క ఫోటో తీశాడు.

తుట్టె సద్దుమణిగి, మేం బయటికొచ్చాక ఇంకో భయం మొదలైంది. "మస్తొచ్చింది సార్! మా గ్రూపుల ఎయ్యాల్నా?" వద్దని వేడుకుని, దాన్ని నా ఫోన్‌లోకి పంపించుకుని, అతని ఫోన్‌లోది చెరిపించాను. బుచ్చమ్మ చీర మడత పెడుతూ నన్నే చూసింది.

"సోమారం పొగబెట్టి పెరను లేపుతరు, సున్నమేస్తరు. ఇగ దొర నీ ఫోన్లనే ఉంటడు. నలుగురికి చూపిస్తవు గద?"

"పరిశీలిస్తాను," అన్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆ మాట అన్న తర్వాత నేను ఏ పనీ చేయలేదు.

సోమవారం సున్నం పడిందని తిమ్మప్ప ఫోన్ చేశాడు. ఆ తర్వాత మూడు వారాలు పరిశీలించాను. ఫోటోలోంచి నన్ను కత్తిరిస్తే దొర సగానికి తెగుతున్నాడు. నా ముఖాన్ని మసక చేయాలని కూర్చున్న రోజు మాత్రం మొదటిసారి దాన్ని సరిగ్గా చూశాను. నా చూపు కూడా ద్వారం వైపే ఉంది, అచ్చం ఆయన చూపులాగే. ఆ తీర్పులకో, చూసేవాళ్ల కళ్లకో ఆయన ఏటా ఒక రోజు భయపడ్డాడు, అయినా ఏటా కూర్చున్నాడు, పైగా గోడ మీద బొమ్మ వేయించుకున్నాడు. నేను ఒక్క గంట కూడా అలా ఉండలేకపోయాను. ముఖం మసక చేయలేదు. కార్యాలయంలో రేపు ఎంతమంది లేచి నిలబడతారో తెలియదు.

ఇలాంటి గడికి వెళ్లదలచినవారికి ఒక సూచన: అత్తరు పూసుకోకండి, బాగా ఉతికిన నూలు చీర ఒకటి కాపలావారినే అడిగి తీసుకోండి, ఫోటో మాత్రం చేతులు వణకని వారితో తీయించండి. కింది ఫోటోలో ఎడమవైపు ఉన్నవారు దొర.