సన్నసెగ మీద ఇల్లు

1983 శీతాకాలం. డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో నేను హీటింగ్ ఇంజనీరుగా పనిచేస్తున్న రోజులు. ఆయిల్ ధరల దెబ్బ తిన్న జనం కొత్త దారులు వెతుక్కుంటున్నారు. వాటిలో గ్రౌండ్‌వాటర్ హీట్ పంప్ ఒకటి. లోతు బావిలో నీళ్ళు మిషిగన్ చలికి కూడా గడ్డకట్టవు. ఆ నీళ్ళలో ఉన్న కాస్త వేడినీ లాగి ఇంట్లోకి పంపే యంత్రమది. కరెంటు వేడిని పుట్టించడానికి కాక, మోయడానికే ఖర్చవుతుంది. అందుకే పెట్టేటప్పుడు ఖర్చు బరువైనా నెలనెలా బిల్లు తేలిక. ఈ ఉపన్యాసం నాకు కంఠతా వచ్చు. ప్రకాశం గారింట్లో మాత్రం అది చెల్లలేదు.

ప్రకాశం గారు కార్ల కంపెనీలో డిజైనరు. గుంటూరు వైపు మనిషి, ఆదివారం తెలుగు చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. భార్య సుగుణ అప్పుడు నిండు చూలాలు. నాకు ఫోన్ చేసింది ఆవిడే.

"అన్నయ్యగారూ, మిషన్ చల్లగాలి ఊదుతోంది. బిల్లేమో పాత ఆయిల్ ఫర్నేస్‌ని మించిపోయింది. పసిబిడ్డని తెచ్చి ఈ ఐస్‌బాక్స్‌లో పడుకోబెట్టను. ఇది బాగవకపోతే కాన్పుకి చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో మా అక్క దగ్గరికి వెళ్ళిపోతా."

ఆ యంత్రం పెట్టింది వేరే కంపెనీ. వెళ్ళి ఆసాంతం విప్పి చూశాను, ఏ లోపమూ లేదు. నేలలో గాలి వచ్చే జాలీ దగ్గర చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. ఫర్నేస్ గాలిలా చురుక్కుమనదు, కానీ ఎక్కువసేపు వస్తుంది. దాని తీరే అంత. మరి బిల్లు ఎందుకు పెరిగినట్టు? హాల్లోకి వస్తే, ఇంట్లో వేడి ఎంత ఉండాలో పెట్టే థర్మోస్టాట్ మీద ఎర్రదీపం వెలుగుతోంది. అది వెలిగితే ఆగ్జిలరీ హీట్ నడుస్తోందని అర్థం. పంప్ అందుకోలేనప్పుడు సాయానికొచ్చే కరెంటు కాయిల్స్ అవి, మహా తిండిపోతులు.

"దీన్ని ఎవరు ముట్టుకుంటున్నారు?" అన్నాను.

"నేనేనండీ," అన్నారు ప్రకాశం గారు గర్వంగా. "బయటికెళ్తే తగ్గిస్తా, పడుకునేప్పుడు తగ్గిస్తా. మళ్ళీ రాగానే ఫుల్‌గా పెంచుతా. మనిషి లేని గదిలో ఫ్యాన్ తిరిగితే మా నాన్నగారు వీపు విమానం మోత మోగించేవారు."

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఆయన ఒక్కసారిగా పెంచినప్పుడల్లా పంప్ అందుకోలేక కాయిల్స్‌ని పిలుస్తోంది. పొదుపు చేస్తున్నాననుకుంటూ రెండు చేతులా తగలేస్తున్నారు.

"ఇంత పట్టింపు ఎందుకండీ?" అన్నాను.

ఆయన గొంతు తగ్గించారు. "ఈ మిషన్‌కి టాక్స్ క్రెడిట్ రాదట. కంపెనీవాళ్ళు వస్తుందని చెప్పే అమ్మారు. ఆ ధైర్యంతోనే సుగుణని ఒప్పించా. తనకింకా చెప్పలేదు."

భూమిలోని వేడిని వాడుకునేవాళ్ళకి అప్పట్లో ఫెడరల్ పన్నులో రాయితీ ఉన్నమాట నిజమే. అయితే భూమిలోంచి వచ్చే నీరు యాభై డిగ్రీల సెల్సియస్ దాటి ఉండాలని మెలిక పెట్టారు. వేడినీటి ఊటలున్న పడమటి రాష్ట్రాలకు సరిపోయే రూలు అది. ప్రకాశం గారి బావి నీళ్ళతో స్నానం చేస్తే పళ్ళు టకటకలాడతాయి.

తలెత్తి చూస్తే వంటింటి గుమ్మంలో సుగుణ. అంతా విన్నది. నాకే భయమేసింది.

"వారంగా అన్నం సయించట్లేదన్నది ఇందుకా?" అని భర్తని అడిగింది. ఆవిడ నావైపు తిరిగింది. "క్రెడిట్ సంగతి తర్వాత. ఇల్లు వెచ్చబడుతుందా లేదా, అది చెప్పండి."

"పడుతుందమ్మా. థర్మోస్టాట్ ఒక అంకె మీద పెట్టి రాత్రీ పగలూ కదపకుండా వదిలేయాలి."

"అంటే పాయసం సన్నసెగ మీద వదిలేసినట్టు. ఈ ముక్క మొదటే చెప్తే అయిపోయేదిగా!"

అంటూనే టేపు తెచ్చి థర్మోస్టాట్ మీట కదలకుండా అతికించేసింది.

"రాత్రిపూట కూడానా?" అన్నారు ప్రకాశం గారు దీనంగా.

"రాత్రిపూట కూడా!"

మర్నాటికి ఎర్రదీపం ఆరింది, తర్వాతి బిల్లు దిగొచ్చింది. క్రెడిట్ మాత్రం రానేలేదు. పెట్టిన ఖర్చు తిరిగి రావడానికి ఆయన అనుకున్నదానికన్నా చాలా ఏళ్ళు పడుతుందని ఉన్నమాటే చెప్పాను. సుగుణ షామ్‌బర్గ్ వెళ్ళలేదు, అక్కే ఇక్కడికి వచ్చింది. నేను చూడబోయినప్పుడు పాప హాల్లో పల్చటి గౌనుతో కాళ్ళాడిస్తోంది. బయట మోకాలి లోతు మంచు. నా కడుపు నిండిపోయింది.

యంత్రం ఎంత మంచిదైనా, అది ఇంటివాళ్ళ అలవాట్లతో కాపురం చేయాలని నాకు తెలిసొచ్చింది అక్కడే. ఆ తర్వాత ఏ తెలుగింట్లో హీట్ పంప్ మాటెత్తినా బావి లోతు తర్వాత అడిగేవాణ్ణి. ముందు, "ఈ ఇంట్లో లైట్లు ఆర్పుతూ తిరిగేది ఎవరండీ?" అనేవాణ్ణి. ఇంట్లో అందరూ ఒక్కరివైపే చూసేవారు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని అప్పుడు నా ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి.