కుంట అడుగు తెగిన ఏడు

ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాక నేను కూడబలుక్కుని చదివిన మొదటి కాగితం మా పొలం పత్రం. నాలుగు దిక్కుల హద్దులూ రాసి, చివర "పాడుబడిన కుంటతో సహా" అని ఉంది. ఆ మాట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

పెద్ద కరువు తగ్గిన ఏడు కొన్నాం దాన్ని. అంతకుముందు తూర్పున, సముద్రం వైపు, కాలువ తవ్వే కరువు పనిలో ఉన్నాం. అక్కడే మా నాలుగేళ్ల కూతురు జ్వరంతో పోయింది. కాలువ గట్టు పక్కనే పూడ్చాం. ఉదయగిరి వైపు వానలు పడ్డాయని విని తిరిగొస్తే, సంగం ఊళ్లో మా అన్న దగ్గర వదిలిన ఎద్దుల జతలో ఒకటి బతికి ఉంది. ఆ ఎద్దునే ఇచ్చి పొలం తీసుకున్నాం. అమ్మినతను వలస పోతున్నాడు, అతనికి నేల కంటే బండికి ఎద్దు అవసరం. అతని తల్లి మాత్రం కదలనంది. పొలం మూల గుడిసెలోనే ఉండిపోయింది. మేమూ ఆమెను అవ్వా అనే పిలిచేవాళ్లం.

కొనకముందు మా ఆయన గడ్డపార పట్టుకుని కుంట చుట్టూ తిరిగాడు. కట్టకు నడిమధ్య మనిషి దూరేంత గండి. నిండిన నీళ్లు పొర్లిపోయే రాతి కలుజు మాత్రం చెక్కుచెదరలేదు. తూము నోరు మూసుకుపోయింది. లోపల నల్లటి పూడిక ఎండి నెర్రెలిచ్చింది. పార గుచ్చి చూసి, "కట్ట గట్టిదే. ఈ పూడిక చేలోకి తోలితే బంగారం పండతాది," అన్నాడు. నేనప్పుడు ఆరు నెలల కడుపుతో ఉన్నాను. కుంటలో నీళ్లు నిలిస్తే రాగి నారు పోసుకుంటాం, నిలవకపోతే మళ్ళీ కాలువ పనికే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

గండి పూడ్చి, తూము బాగుచేసి, పూడిక మీద పడ్డాం. ఆయన తవ్వేవాడు, నేను తట్ట మోసేదాన్ని. కాలువ దగ్గర మేస్త్రీ గుంత లోతు కొలిచి కూలి ఇచ్చేవాడు. ఎంత తవ్వామో కనబడడానికి మధ్యలో ఒక మట్టి దిమ్మ వదలాలి. అదే అలవాటుగా ఇక్కడా దిమ్మ వదిలి, దాని చుట్టూ నిట్టనిలువునా దిగిపోయాడు. కొలిచేవాడు లేడన్న సంగతి మా చేతులకు తెలియలేదు.

నడుముల్లోతు దిగినప్పుడు అవ్వ కట్ట మీదికి వచ్చింది.

"చాల్లేరా అబ్బోడా. ఇంక తవ్వబాక."

"ఏందవ్వా, లోతుంటే ఇంకా ఎక్కువ నీళ్లు నిలవవా?"

"అడుగు తెగతాదిరా."

మా ఆయన నవ్వాడు. "అమ్మినాక కూడా మట్టి మీద ఆశ పోలేదేందవ్వా? నీకూ నాలుగు తట్టలు పోయించేదా?"

"నేను చచ్చినాక నా మీద పొయ్యి," అని దిగిపోయింది.

ఆమెకు కన్నుకుట్టిందని నేనూ అనుకున్నాను. రోజూ ఆమెకిచ్చే గంజి ఆ పూట ఇవ్వలేదు. తవ్వడమూ ఆపలేదు.

కార్తీకం ముందు ఒక పగలంతా వాన కొట్టింది. కుంటలో మొలలోతు నీళ్లు చేరాయి. దిగి ముఖం కడుక్కున్నాను. మర్నాటికి మోకాలి లోతే ఉంది. మూడో రోజు బురద. కట్ట ఎక్కడా కారలేదు, తూము మూసే ఉంది. మా ఆయన కట్ట వెలుపల చెయ్యి ఆనించి తడి కోసం వెదికాడు. వెదికి వెదికి కూలబడి, "మూట గట్టుకో" అన్నాడు.

నేను అవ్వ దగ్గరికి పోయాను. అడగకముందే ఆమె లేచింది. ఇద్దరినీ దిమ్మ దగ్గరికి తీసుకుపోయి కర్రతో చూపించింది. పైన నల్లటి పూడిక, దాని కింద జానెడు మందాన బూడిదరంగు బంకమన్ను, అడుగున గులకరాళ్లతో ఎర్ర గరుసు.

"ఈ బంకుండాదే, ఇది దేవుడు పోసింది గాదు. మా మామా, నా మొగుడూ గొర్రెల్ని తోలి తొక్కించినారు. మీరు దాన్ని గూడా చేలో పోసినారు. ఇంక నీళ్లు గరుసులోకి దిగక ఏడికి పోతాయి?"

"ముందే ఇట్టా ఇడమర్చి చెప్పుంటే..." అన్నాను.

"చెప్పబోతే నీ మొగుడేమన్నాడు?"

మా ఆయన తట్ట అందుకుని చేలోకి నడిచాడు.

చేలో పోసిన మట్టిలోంచి బూడిదరంగు పెళ్లలు ఏరి మళ్ళీ తట్టలకెత్తాం. దిమ్మను పగలగొట్టి అందులోని బంకా తీశాం. తొక్కించడానికి గొర్రెలు లేవు. కరువులో ఊళ్లో మందలన్నీ పోయాయి. మా ఎద్దు పొలం ధర కిందే పోయింది. ముగ్గురమే తొక్కాం. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, మిగిలిన బురదనీళ్లు చల్లుకుంటూ, తొమ్మిది రోజులు.

"మడమతో మే, మడమతో! పేరంటానికి పోతా ఉండావా?" అని అవ్వ కసిరేది. నా కాళ్లు వాచిపోయాయి. కడుపులో బిడ్డ కదిలి నేను ఆగితే, ఆమె కూడా ఆగేది.

రెండో వాన చిన్నది. మోకాలి లోతు నీళ్లు చేరాయి. అవ్వ ఒక కర్రకు గాటు పెట్టి నీటిమట్టానికి సరిగ్గా గుచ్చింది. మర్నాడు గాటు నీటి అంచునే ఉంది. వారానికి వేలెడు తగ్గింది. చేనంతటికీ చాలవు, ఒక మడికి చాలతాయి. మూటలు విప్పేశాను.

ఆ పూట కట్ట మీద కూర్చుంటే సంతోషం రాలేదు. ఆ కాలువకు పోతామేమోనని అన్నాళ్లు భయపడ్డాను. పోయి ఉంటే, ఎంత పాడు పనైనా, పిల్లను పెట్టిన చోటు ఒకసారి చూసేదాన్ని. ఇక పోము. ఆ గట్టు మీద ఎంత మట్టి పోశారో, ఎన్ని కాళ్లు తొక్కాయో.

అవ్వ పక్కన కూర్చుంది. "ఏంది మే, నీళ్లు నిలిచినాయి గదా. ఇంకా ఏడస్తా ఉండావే?"

లేచి గంజి తెచ్చి ముందు ఆమెకు పోశాను.